పాత మ్యాప్ కొలత ఉంచాలా, పెంచాలా?

హన్మకొండ నెట్ సెంటర్లో గంటల లెక్కన డబ్బు కట్టి ఆడిన 2004 నాటి వీడియో గేమ్ జీటీఏ: శాన్ ఆండ్రియాస్‌ను నేను, మా తమ్ముడు గేమ్‌లు తయారుచేసే అన్‌రియల్ అనే కొత్త సాఫ్ట్‌వేర్ ఇంజిన్‌లో మళ్లీ కడుతున్నాం. ఆ మ్యాప్ ఒక్కో వైపు 6 కిలోమీటర్లే. కాజీపేట స్టేషన్ నుంచి వరంగల్ స్టేషన్ దాకానే దాదాపు 10. అంత చిన్న జాగాలో మూడు నగరాలు, ఎడారి, పెద్ద కొండ! అయినా చిన్నప్పుడు నిజంగా ఒక రాష్ట్రమంత అనిపించేది. వంకర రోడ్లు, దూరాన్ని దాచే పొగమంచు చేసిన పని అది.

తమ్ముడేమో రెట్టింపు చేద్దామంటాడు. పొడవు, వెడల్పు రెండింతలైతే విస్తీర్ణం నాలుగింతలు. అంత ఖాళీని దేంతో నింపాలి? ఇళ్లతో సహా పెంచితే ఇంకో తంటా. మొన్న చేసి చూశాం. 1.8 మీటర్ల మనిషి గుమ్మం ముందు నిలబడితే ఓరుగల్లు కోట తోరణం కింద చిన్న పిల్లాడిలా ఉన్నాడు, గడప మోకాలి దాకా వచ్చింది. టైమ్ పెట్టిన మిషన్లూ (గేమ్‌లో గడువులోగా పూర్తి చేయాల్సిన పనులు) దెబ్బతింటాయి. సెకనుకు 30 మీటర్ల వేగంతో ఈ చివర నుంచి ఆ చివరకు 200 సెకన్లు పట్టేది 400 అవుతుంది.

పాత కొలతకూ ఓ చిక్కుంది. మంచు తీసేస్తే ఒక ఊరి మేడలు ఇంకో ఊళ్లోంచి కనిపిస్తాయి. మెరుగులు దిద్ది మళ్లీ విడుదల చేసిన 2021 రీమాస్టర్‌లో చాలామందిని బాధపెట్టింది అదే. కానీ మంచును మళ్లీ పెట్టుకోవచ్చు.

అందుకే నా ఓటు పాత కొలతకే. పాత గేమ్‌లో ఒక యూనిట్ (దూరం కొలిచే ప్రమాణం) అంటే మీటరు, అన్‌రియల్‌లో సెంటీమీటరు, కాబట్టి 100తో గుణిస్తే చాలు. ఎడారి రోడ్డు ఒక్కటి కాస్త సాగదీసుకోమని తమ్ముడికి చెప్పాను.