ది రెయిడ్: ఇరుకు కారిడార్‌లో నమ్మదగిన ఫైట్

నల్లగొండలో పద్నాలుగేళ్లుగా పిల్లలకు జూడో నేర్పిస్తున్నాను. సినిమాలో ఫైట్ వస్తే నేను ముందు పడేవాడినే చూస్తాను. వీపు నేలకు ఎలా ఆనింది, గడ్డం ఛాతీకి అదిమిపెట్టాడా, అరచెయ్యి ఎప్పుడు నేలను చరిచింది. ఈ లెక్కన నాకు తృప్తినిచ్చిన సినిమాలు చాలా తక్కువ. వాటిలో మొదటిది 2011లో వచ్చిన ఇండోనేషియా సినిమా 'ది రెయిడ్'. పోయిన నెల ఆన్‌లైన్‌లో అద్దెకు తీసుకుని నాలుగోసారి చూశాను.

కథ చిన్నది. జకార్తాలో ఒక పాత అపార్ట్‌మెంట్ బ్లాక్. పై అంతస్తులో డాన్ ఉంటాడు. అతన్ని పట్టుకోవడానికి ఇరవై మంది పోలీసులు లోపలికి వెళ్లి ఇరుక్కుపోతారు. 101 నిమిషాల సినిమా, మాటలు తక్కువ.

ఆ పోలీసుల్లో ఒకడైన రామాగా చేసిన హీరో ఇకో ఉవాయిస్ చిన్నప్పటి నుంచి పెంచాక్ సిలాట్ నేర్చుకున్నవాడు. సిలాట్ ఇండోనేషియా సంప్రదాయ యుద్ధవిద్య, 2019లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. డైరెక్టర్ గారెత్ ఇవాన్స్‌ది వేల్స్. సిలాట్ మీద డాక్యుమెంటరీ తీస్తున్నప్పుడు ఇకో అతని కంట పడ్డాడు. అప్పటికి ఇకో ఒక టెలికాం కంపెనీలో డ్రైవర్. ఇందులో ఫైట్లు కూర్చింది ఇకో, విలన్ మ్యాడ్ డాగ్‌గా చేసిన యాయాన్ రుహియాన్, ఇద్దరూ కలిసే. షూటింగ్‌కు ముందే ఫైట్లను చిన్న కెమెరాతో తీసి, ఎడిట్ చేసి చూసుకున్నారు. అందుకే కెమెరా ఎక్కడా తడబడదు. దెబ్బ ఎక్కడ మొదలై ఎక్కడ తగిలిందో మనకు కనిపిస్తుంది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది కారిడార్ ఫైట్ గురించి. ఒక చేతిలో లాఠీ, ఇంకో చేతిలో కత్తి పట్టుకుని రామా ఒక్కడే గుంపును ఎదుర్కొంటాడు. మన సినిమాల్లో ఖాళీ మైదానంలో పదిమంది చుట్టూ నిలబడి ఒక్కొక్కరే వస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇక్కడా ఒకరి తర్వాత ఒకరే వస్తారు, మరి ఇది ఎందుకు నమ్మబుద్ధేసింది? తెలుసుకుందామని ఒక ఆదివారం పొద్దున మా సీనియర్ కుర్రాళ్లు అయిదుగురితో చేసి చూశాం. మ్యాట్ల మీద రెండు వరసల్లో బెంచీలు వేసి మధ్యలో నాలుగడుగుల దారి వదిలాం. ఒకడికి రబ్బరు కత్తి, పొట్టి కర్ర ఇచ్చి మిగతా నలుగురినీ ఎదురు పంపాను. ముందువాడు అడ్డుగా ఉంటే వెనకవాడికి చెయ్యి చాపే చోటు కూడా లేదు. ముందువాడు పడితే అతన్ని దాటి రావడానికి ఇంకో క్షణం. బెంచీలు తీసేసి అదే ఫైట్ చేస్తే అయిదారు సెకన్లలో మావాడి వెనక ఇద్దరు చేరిపోయారు. అంటే ఆ వరసను పెట్టింది ఫైట్ మాస్టర్ కాదు, ఆ గోడలే.

మా తాత దేవరకొండ వైపు కర్రసాము చేసేవాడు. గల్లీలో కర్ర తిప్పకూడదు, కురచగా పట్టుకుని పొడవాలి అనేవాడు. రామా లాఠీ పట్టుకున్న తీరు చూసినప్పుడల్లా ఆయనే గుర్తొస్తాడు.

నా మనసుకు ఇంకా దగ్గరైన ఫైట్ పోలీసు సార్జెంట్ జాకాది. ఆ పాత్ర చేసిన జో తస్లిమ్ ఇండోనేషియా జాతీయ జూడో జట్టులో ఆడినవాడు. మ్యాడ్ డాగ్ అతని కంటే పొట్టి, కానీ తుపాకీ పక్కన పెట్టేసి చేతులతోనే తలపడతాడు. జాకా పట్టు కోసం దగ్గరకు జరుగుతాడు, అవతలివాడు ఆ దూరాన్ని మోచేతులతో, మోకాళ్లతో చెడగొడుతుంటాడు. జాకా ఊపిరి అందక తడబడటం చూడండి. నాలుగు నిమిషాల బౌట్ ఆడినవాళ్లకు ఆ అలసట తెలుసు, దాన్ని నటించడం చాలా కష్టం.

లోపాలూ ఉన్నాయి. తల గోడకేసి అన్నిసార్లు కొట్టుకున్న మనిషి మళ్లీ లేచి అంత చురుగ్గా తన్నలేడు. ఆఖర్లో పగిలిన ట్యూబ్‌లైటు మెడలో దిగాక కూడా మ్యాడ్ డాగ్ పోరాడుతూనే ఉంటాడు. అంతసేపు నిజాయితీగా నడిచిన సినిమా అక్కడ పట్టు వదిలేసిందనిపించింది. రామా, డాన్ మనిషిగా ఉన్న అతని అన్న, ఈ అన్నదమ్ముల కథకు కూడా ఇంకొంచెం చోటు ఇవ్వాల్సింది.

రక్తం చాలా ఎక్కువ. పిల్లలకు అస్సలు చూపించకండి. మా క్లాసులో పద్దెనిమిది దాటినవాళ్లకే, అదీ రెండు ఫైట్లే చూపించాను. డబ్బింగ్ కాకుండా ఇండోనేషియా భాషలోనే సబ్‌టైటిల్స్‌తో చూడండి, ఆ రొప్పులు, మూలుగులు అసలు గొంతులోనే బాగుంటాయి. టీవీలో మోషన్ స్మూతింగ్ ఉంటే ఆపేయండి. సెకనుకు 24 ఫ్రేముల సినిమాకు టీవీ తన ఫ్రేములు కలిపితే దెబ్బలో బరువు పోయి సీరియల్‌లా కనిపిస్తుంది. మా ఇంట్లో మొదటిసారి అలాగే జరిగింది, ఏం తేడా కొడుతోందో అర్థం కాక సగంలో ఆపేశాను.

పదికి ఎనిమిదిన్నర ఇస్తాను. ఎవరైనా జూడో, కరాటే, కుస్తీ ఏది నేర్చుకుంటున్నా సరే, గోడ వెనక దాక్కున్న రామా చెంపను కత్తి కోసే సీన్ దగ్గర ఒక్కసారి ఆగండి. కత్తి వెనక్కి వెళ్తుంటే దానికంటిన రక్తాన్ని తుడిచేస్తాడు. ఒక్క దెబ్బ లేదు, నా అరచేతులు మాత్రం నాలుగోసారి కూడా చెమటపట్టాయి.