మా మందుల దుకాణాలకు రాయించుకున్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్: ఏడాది వాడకం తర్వాత

తెనాలిలోని మా రెండు మందుల దుకాణాలకు బిల్లింగ్, స్టాకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్‌ను విజయవాడలోని ఒక చిన్న సంస్థ చేత రాయించుకున్నాము. ఇప్పుడది బాగానే పనిచేస్తోంది. అయితే మా అవసరాలను ఆ సంస్థ తెలుసుకున్న తీరు గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను, ఎందుకంటే మేము పడిన ఇబ్బందీ పొందిన మేలూ రెండూ అక్కడి నుంచే వచ్చాయి.

మొదటిసారి వచ్చినవారు నాతో రెండు గంటలు కూర్చుని, నేను చెప్పినదంతా రాసుకుని, ఇంగ్లీషులో పెద్ద పత్రం తయారుచేసి సంతకం చేయించుకున్నారు. పదిహేను మాత్రల స్ట్రిప్‌లోంచి నాలుగు కత్తిరించి ఇవ్వడం మా కౌంటర్‌లో రోజూ పదులసార్లు జరిగే పని. రోజూ చేసేదే కనుక దాన్ని చెప్పాలని నాకు తోచలేదు, వారూ అడగలేదు. తీరా వచ్చిన సాఫ్ట్‌వేర్ స్ట్రిప్‌లనే లెక్కించేది. మా కుర్రవాళ్లు నాలుగు మాత్రలకు 0.27 స్ట్రిప్ అని కొట్టేవారు. నెల తిరిగేసరికి కంప్యూటర్‌లోని స్టాకుకూ అరల్లోని సరుకుకూ పొంతన లేకుండా పోయింది.

ఇంకొకటి నా మాట వల్లే జరిగింది. షెడ్యూల్ హెచ్1 మందులు, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మవలసిన కొన్ని యాంటీబయాటిక్‌ల వంటివి, అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. ఆ ఉద్దేశంతో ‘డాక్టరు పేరు తప్పనిసరిగా ఉండాలి’ అన్నాను. వారు దాన్ని అన్ని మందులకూ వర్తింపజేయడంతో, పారాసెటమాల్ కోసం వచ్చినవారు కూడా బిల్లు కోసం నిలబడవలసి వచ్చింది.

గట్టిగా అడిగాక సంస్థ మరో ఉద్యోగినిని పంపింది. ఆమె నా గదికి రాకుండా, రద్దీ ఎక్కువగా ఉండే సాయంత్రం వేళల్లో మూడు రోజులు కౌంటర్ పక్కనే నిలబడి, మా పాత ఉద్యోగి చేతులనే గమనించారు. కంప్యూటర్ పక్కన ఆయన పెట్టుకున్న లాంగ్ నోటుబుక్కును అడిగి తీసుకుని ప్రతి పేజీ చదివారు. విడి మాత్రలు, పది కొంటే ఒకటి ఉచితమనే స్కీముల సరుకు, ఎక్స్‌పైరీ అయి స్టాకిస్టుకు తిప్పి పంపినవి, అంటే సాఫ్ట్‌వేర్‌లో చోటు దొరకనివన్నీ అందులో ఉన్నాయి. తర్వాత తెరలను కాగితంపై గీసి, ఎక్కడెక్కడ నొక్కుతారో ఆయన చేతనే వేలితో చూపించుకున్నారు. అంత ఓపికగా మా పనిని నేర్చుకున్నవారిని నేను ఇంతకు ముందు చూడలేదు.

పన్ను రేటు మారితే ఏం చేస్తారని కూడా ఆమె ముందే అడిగి, రేట్లను తేదీతో పాటు విడిగా నమోదు చేసేలా రాయించారు. 2025 సెప్టెంబరు 22న చాలా మందులపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు, ముందురోజు రాత్రే కొత్త రేట్లు ఎక్కించి, ఉదయం యథావిధిగా దుకాణం తెరిచాము.

లోపాలు లేకపోలేదు. సంతకం తర్వాత కోరిన ప్రతి మార్పుకూ వేరుగా డబ్బు తీసుకున్నారు. మొదటి పత్రంలోని లోపాలకు కూడా తీసుకోవడం న్యాయంగా లేదు. అవసరాల పత్రాన్ని తెలుగులో ఇమ్మని అడిగినా ఇవ్వలేదు. అయిదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను, అందులో మూడు ఆమె నిలబడిన ఆ మూడు సాయంత్రాలకే. ఒక దుకాణం నుంచి మరో దుకాణానికి పంపే సరుకును మేమింకా చేత్తోనే రాసుకుంటున్నాము. ఆ నోటుబుక్కును కూడా పోయిన వారం ఆమెకు ఇచ్చాను.