ఫైబర్ కనెక్షన్‌కు ఏ రౌటర్ మేలు? ఏళ్లు వాడాక తేలిన సంగతులు

కనెక్షన్‌తో వచ్చిన డబ్బాను కేవలం ఓఎన్‌టీగా (ఫైబర్‌లో వచ్చే కాంతిని నెట్‌వర్క్ సంకేతంగా మార్చే పరికరంగా) ఉంచి, దాని వెనక సొంతంగా కొన్న వై-ఫై 6 రౌటర్ తగిలించి కొన్నేళ్లుగా వాడుతున్నాను. అంతకు ముందు ఆ ఒక్క డబ్బాతోనే చాలాకాలం నెట్టుకొచ్చాను కాబట్టి రెండు పద్ధతుల మంచిచెడ్డలూ చూశాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే వేగానికీ, రౌటర్ ఆగకుండా నడవడానికీ పెద్దగా సంబంధం లేదు. నడిపించేవి అడాప్టరు, వేడి బయటికి పోయే తీరు, మెమరీ, కంపెనీ ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తుందన్న విషయం. ఇవేవీ పెట్టె మీద రాయరు.

మోడల్ పేరు చెప్పమని అడిగేవాళ్లుంటారు. చెప్పినా ఉపయోగం తక్కువ. పేరు అదే ఉంచి వి1, వి2, వి3 అంటూ లోపల చిప్‌సెట్టూ ర్యామూ మార్చేయడం ఈ వ్యాపారంలో మామూలే. పాత వెర్షన్ మీద వచ్చిన పొగడ్తలు చదివి కొంటే చేతికొచ్చేది వేరే వస్తువు కావచ్చు. అడుగున అంటించిన స్టిక్కర్ మీద హార్డ్‌వేర్ వెర్షన్ ఉంటుంది, అది చూడాలి. నాది ఏఎక్స్3000 తరగతి (ఈ అంకె సంగతి కింద చెబుతాను), 256 ఎంబీ ర్యామ్, అన్ని పోర్టులూ గిగాబిట్.

కొనేముందు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. 'మోడెం రౌటర్' అని అమ్మేవాటిలో చాలా భాగం టెలిఫోన్ తీగ మీద వచ్చే ఏడీఎస్ఎల్, వీడీఎస్ఎల్ లైన్ల కోసం చేసినవి. ఫైబర్‌కు ఆ మోడెం భాగం దండగ. ఫైబర్ లైన్లో మోడెం పని చేసేది ఓఎన్‌టీ. జీపాన్ అనే ఫైబర్ పద్ధతిలో ఒక్క ఫైబరే స్ప్లిటర్ల ద్వారా 32 ఇళ్లకో 64 ఇళ్లకో చీలుతుంది. దాని మీద కిందికి 2.488 గిగాబిట్లు, పైకి 1.244 గిగాబిట్లు వస్తాయి, అందరూ పంచుకోవాలి. ఏ ఇంటి ఓఎన్‌టీ ఏదో అవతలి పరికరం సీరియల్ నంబరును బట్టో, పాస్‌వర్డును బట్టో గుర్తుపడుతుంది. అందుకని బజార్లో నచ్చిన ఓఎన్‌టీ తెచ్చి గుచ్చితే లైను రాదు. కనెక్షన్ ఇచ్చినవాళ్లు దాన్ని నమోదు చేయాలి, చాలామంది చెయ్యరు. కాబట్టి మన చేతిలో ఉన్న ఎంపిక ఓఎన్‌టీ వెనక పెట్టే రౌటర్ ఒక్కటే. పెట్టె మీద ఎతర్నెట్ వ్యాన్ పోర్టు (బయటి లైను తగిలించేది) ఉందని ఉంటే చాలు.

మరి అన్నీ కలిపిన డబ్బాతో ఇబ్బందేమిటి? నా అనుభవంలో లైను ఎప్పుడూ బాగానే ఉండేది, డబ్బాయే బిగుసుకుపోయేది. సాయంత్రం ఇంట్లో ఫోన్లన్నీ, టీవీ, ల్యాప్‌టాప్ ఒకేసారి నడిచే వేళ పేజీలు తెరుచుకునేవి కావు. ఫైబర్ లైను అందుతోందని చూపే పాన్ లైటు పచ్చగా నిలకడగా వెలుగుతూనే ఉండేది, సిగ్నల్ పోయిందని చెప్పే ఎల్ఓఎస్ ఎర్ర లైటు వెలిగేది కాదు. రీస్టార్ట్ చేస్తే మళ్లీ మామూలు. ఈ లక్షణాన్ని గుర్తుపడితే చాలు, సగం పని అయినట్టే. పాన్ లైటు నిలకడగా ఉండి నెట్ రాకపోతే, రీస్టార్ట్‌తో బాగవుతుంటే, ముందు అనుమానించాల్సింది రౌటర్ భాగాన్ని. అంత చిన్న ప్లాస్టిక్ పెట్టెలో లేజరూ, వై-ఫై రేడియోలూ, ప్రాసెసరూ కలిసి కాగుతుంటాయి, మెమరీ చూస్తే కొంచెమే.

ఎర్ర లైటు వెలిగితే మాత్రం కథ వేరు. ఓఎన్‌టీ అడ్మిన్ పేజీలో అందుతున్న కాంతి బలం డీబీఎం అనే కొలతలో కనిపిస్తుంది, మైనస్ అంకె పెద్దదయ్యేకొద్దీ కాంతి బలహీనమని అర్థం. జీపాన్‌లో ఎక్కువగా వాడే బీ ప్లస్ తరగతికి -8 నుంచి -27 దాకా పరిమితి. నాది -20 దగ్గర ఉంటుంది. -26 దగ్గర ఊగిసలాడుతుంటే ఎంత ఖరీదైన రౌటర్ కొన్నా లాభం లేదు, లైను మనిషిని పిలవాల్సిందే. ఎక్కడో ఫైబర్ మెలిపడి ఉంటుంది, లేదా కనెక్టర్లో దుమ్ము చేరి ఉంటుంది. పచ్చ కనెక్టర్ చివర 8 డిగ్రీల వాలుగా అరగదీసి ఉంటుంది, నీలి రంగుది అలా ఉండదు. రెండూ ఒకదానికొకటి దూరుతాయి గానీ కాంతి చాలా నష్టపోతుంది. తీసి కంటితో చూడాలన్న ఉబలాటం వద్దు. అందులో వచ్చే కాంతి కంటికి కనబడదు, కంటికి మంచిదీ కాదు.

డబ్బాను బ్రిడ్జ్ మోడ్‌లోకి, అంటే రౌటర్ పని మానేసి కేవలం ఓఎన్‌టీగా ఉండే తీరులోకి, మార్చమని అడగడం కాస్త ఓపికతో కూడిన పని. ఫోన్లో మొదట మాట్లాడేవాళ్లకు ఆ మాటే కొత్తగా ఉండొచ్చు. నేను అడిగి రాసిపెట్టుకున్నవి: పీపీపీఓఈ (రౌటర్ లైనులోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డు, వీల్యాన్ నంబరు (లైనులో నెట్‌కు కేటాయించిన గుర్తు). వీల్యాన్ నంబరు వెయ్యకపోతే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా లాగిన్ కాదు. ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1492 పెట్టాలి, ఎందుకంటే పీపీపీఓఈ 8 బైట్లు తనకోసం తీసుకుంటుంది. ఇది తప్పితే కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని ఊరికే తిరుగుతుంటాయి, కారణం అంత సులభంగా దొరకదు. ఇంట్లో ల్యాండ్‌లైన్ కూడా ఆ డబ్బా నుంచే వస్తుంటే బ్రిడ్జ్ చేశాక అది పనిచేస్తుందో లేదో ముందే అడగాలి. బ్రిడ్జ్ ఇవ్వమని తేల్చి చెబితే కొత్త రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వై-ఫై మాత్రమే ఇచ్చే తీరులో, పెట్టుకోవచ్చు. వై-ఫై బాగుపడుతుంది, డబ్బా బిగుసుకుపోయే జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

రౌటర్ మార్చితే బాగుపడనిది ఇంకొకటి, సీజీనాట్. వ్యాన్ అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఒకే పబ్లిక్ అడ్రసును చాలా ఇళ్లు పంచుకుంటున్నాయని అర్థం. బయటి నుంచి ఇంటి కెమెరాకు నేరుగా పోర్టు తెరవాలంటే ఐపీవీ6 (కొత్త తరహా ఇంటర్నెట్ అడ్రసులు) ఉండాలి, లేదా విడిగా పబ్లిక్ అడ్రసు అడగాలి.

ఇక అంకెల సంగతి. ఏఎక్స్3000 అంటే 2.4 గిగాహెర్ట్జ్‌లో 574, 5 గిగాహెర్ట్జ్‌లో 2402 ఎంబీపీఎస్ కలిపి గుండ్రంగా చేసిన సంఖ్య. ఆ 2402 రావాలంటే ఛానెల్ వెడల్పు 160 మెగాహెర్ట్జ్ ఉండాలి, ఫోనూ దానికి ఒప్పుకోవాలి. చాలా ఫోన్లు 80 దగ్గరే ఆగి 1201 చూపిస్తాయి, అందులోనూ చేతికొచ్చేది బాగా తక్కువ. కొత్తలో నేనూ 160 పెట్టి మురిసిపోయాను. అప్పుడప్పుడు 5 గిగాహెర్ట్జ్ వై-ఫై మాయమైపోయి కాసేపటికి తిరిగొచ్చేది. 36 నుంచి 64 దాకా పరుచుకునే ఆ వెడల్పులో 52 నుంచి పైవి రాడార్లతో పంచుకునే ఛానెళ్లు. రాడార్ జాడ తగిలితే రౌటర్ అక్కడి నుంచి లేచిపోవాలి, మళ్లీ అలాంటి ఛానెల్లో మొదలుపెట్టే ముందు కనీసం 60 సెకన్లు చెవి ఒగ్గి వినాలి. 80కి దించి 36లో కూర్చోబెట్టాక ఆ బెడద పోయింది. వేగం పరీక్షలో అంకె తగ్గింది, ఇంట్లో ఎవరూ గమనించలేదు.

చవక రౌటర్లలో ఇంకో మోసం పోర్టుల్లో ఉంటుంది. పేరు ఏసీ1200, వ్యాన్ పోర్టు చూస్తే 100 ఎంబీపీఎస్‌ది. లైను ఎంతదైనా 94, 95 దగ్గర ఆగిపోతుంది. గిగాబిట్ పోర్టులున్నా అదే 94 కనిపిస్తుంటే కేబుల్‌ను అనుమానించండి. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి, 100కు రెండు చాలు. ఒక జత తెగితే చప్పుడు చెయ్యకుండా 100కు దిగిపోతుంది.

నాకు అన్నిటికన్నా తేడా తెలిసింది ఎస్‌క్యూఎం (ప్యాకెట్ల వరుసను అదుపులో ఉంచే సౌకర్యం) పెట్టాక. ఎవరి ఫోనో ఫోటోలను క్లౌడ్‌కు ఎక్కిస్తుంటే ఇంకొకరి వీడియో కాల్ ముక్కలైపోవడం చాలా ఇళ్లలో ఉన్నదే. లైను వేగం తక్కువై కాదది. డబ్బాలో అప్‌లోడ్ ప్యాకెట్ల వరుస పొడవెక్కిపోయి, కాల్ తాలూకు చిన్న ప్యాకెట్ ఆ వరుస చివర చిక్కుకుంటుంది. ఎఫ్‌క్యూ కోడెల్ అనే పద్ధతి, 2018లో ఆర్ఎఫ్‌సీ 8290 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వచ్చింది, ప్రతి ప్రవాహాన్నీ విడివిడి వరుసల్లో పెట్టి, వాటిని పొడవెక్కనివ్వదు. లైను వేగంలో 85, 90 శాతం దగ్గర పరిమితి పెట్టాలి, అప్పుడే వరుస మన రౌటర్ చేతిలో ఉంటుంది. దీనికి ప్రాసెసర్ బలం కావాలి. హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌తో గిగాబిట్ దాటించే రౌటర్ కూడా ఎస్‌క్యూఎం వేస్తే అందులో సగం కూడా ఇవ్వలేకపోవచ్చు. మామూలు ఇంటి లైనుకు మధ్యరకం ప్రాసెసర్ చాలు. కొనేటప్పుడు ఈ సౌకర్యం ఉందో లేదో, లేకపోతే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కుతుందో లేదో చూడండి. యాంటెనాల సంఖ్య కన్నా నేను దీన్నే ముందు చూస్తాను.

అప్‌డేట్ల విషయంలో ఉదాసీనత పనికిరాదు. 2016 నవంబరులో మిరాయ్ రకం కంప్యూటర్ పురుగు (హానికర సాఫ్ట్‌వేర్) దూర నిర్వహణ కోసం తెరిచి ఉంచే 7547 పోర్టు మీద పడితే జర్మనీలో డాయిష్ టెలికామ్ వినియోగదారుల రౌటర్లు దాదాపు 9 లక్షలు కూలబడ్డాయి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి అన్నిటికీ ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డు పెట్టడం నిషేధం, భద్రతా అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తారో కంపెనీ చెప్పి తీరాలి. ఆ తేదీ కంపెనీ సైటులో దొరకని రౌటర్‌ను నేను కొనను. డబ్ల్యూపీఎస్ (బటనుతోనో పిన్‌తోనో వై-ఫైకి కలిపే సౌకర్యం) ఆపెయ్యడం, అడ్మిన్ పాస్‌వర్డు మార్చడం మొదటి రోజే చెయ్యాలి.

అడాప్టర్ గురించి ఒక మాట. రౌటర్ బరువైన పని పడినప్పుడే తనంతట తాను ఆరి వెలుగుతుంటే ముందు అడాప్టర్ మార్చి చూడండి. వోల్టేజీ సరిగ్గా అదే ఉండాలి, యాంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు, పిన్ ధ్రువాలు కలవాలి. నాది అలాగే బాగుపడింది. కరెంటు పోయినా నెట్ కావాలంటే చిన్న యూపీఎస్ ఓఎన్‌టీకీ రౌటర్‌కీ రెండిటికీ పెట్టాలి. దారిలో స్ప్లిటర్లకు కరెంటు అక్కర్లేదు కాబట్టి అవతలి కేంద్రంలో కరెంటు ఉన్నంతసేపు లైను బతికే ఉంటుంది.

నా రౌటర్‌లో నచ్చనివీ ఉన్నాయి. సెటప్‌కు యాప్‌లో ఖాతా తెరవమని వేధించింది. వెనక యూఎస్‌బీ పోర్టు పేరుకే, 3.0 డ్రైవ్ తగిలిస్తే 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై మందగిస్తుంది. లైట్లు రాత్రి మరీ మిరుమిట్లు గొలుపుతాయి, ఆర్పే బటను లేదు.

రెండు గదులూ నాలుగు ఫోన్లూ ఉన్నవాళ్లకు, ఇచ్చిన డబ్బా ఆగకుండా నడుస్తుంటే, ఏదీ కొననక్కర్లేదు. నాకు వై-ఫై 7 మీద తొందర లేదు. లైను జీపాన్ కన్నా వేగమైన ఎక్స్‌జీఎస్ పాన్‌కు మారి గిగాబిట్ దాటితే 2.5 గిగాబిట్ పోర్టులున్నది చూస్తాను. అప్పటిదాకా ఇదే నడుస్తుంది.