పాయింట్లా, ఎలక్ట్రానిక్ మాడ్యూలా?

ఎండాకాలం ట్యాంక్‌బండ్ ట్రాఫిక్‌లో మా పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ మిస్సింగ్ (ఇంజన్ మధ్యమధ్య స్పార్క్ తప్పి కుదుపులివ్వడం) మొదలుపెడితే చూసినవాళ్లంతా కార్బొరేటర్‌నే అనుమానిస్తారు. నేను మాత్రం ముందు ప్లగ్గులకు వంతులవారీగా స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తాను. అందులో కరెంటును తెంచుతూ కలుపుతూ స్పార్క్ పుట్టించే లోహపు మొనలే పాయింట్లు; వాటి బదులు అదే పని చేసేది ఎలక్ట్రానిక్ మాడ్యూల్.

పాయింట్లతో సుఖమేంటంటే, తప్పు కంటికి కనబడుతుంది. మొన్న చూస్తే ఒక పాయింటు మీద చిన్న బొడిపె, ఎదురుగా దానికి సరిపడా గుంట. పాయింట్ల మధ్య నిప్పురవ్వలను అదుపు చేసే కండెన్సర్ పాడైతే ఇలాగే లోహం ఒకవైపు నుంచి ఇంకోవైపుకు చేరుతుంది. పాయింట్లు, కండెన్సర్ రెండూ మార్చి, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచని రేకులు) పాయింట్ల మధ్య గ్యాప్ 0.35–0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టి, టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, సరిచూశాక (గ్యాప్ మారితే టైమింగూ జరుగుతుంది, చాలామంది ఇదే మర్చిపోతారు) ఐడిలింగ్ కుదుటపడింది.

మాడ్యూల్‌కు అరుగుదల లేదు, మాటిమాటికీ గ్యాప్ సరిచేసే పనీ లేదు. కానీ పోతే చెప్పాపెట్టకుండా పోతుంది. ఇంజన్ ఆగాక తాళం ఆన్‌లోనే వదిలేస్తే కొన్ని రకాలు మాడిపోతాయి కూడా. రాత్రిపూట నెక్లెస్ రోడ్డులో బండి ఆగిందంటే టోయింగే గతి.

రోజూ నడిపేవాళ్లకు మాడ్యూలే నయం. ఆదివారాలు మాత్రమే బయటికి తీసే నాకు పాయింట్లు చాలు. డిక్కీలో ఒక సెట్టు, కండెన్సరు, స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఉంటాయి. అన్నట్టు, డిస్ట్రిబ్యూటర్‌లో తిరిగే రోటర్ పగిలినా, ప్లగ్ వైర్లు పాడైనా వచ్చే మిస్సింగ్ ఈ రెండింటిలో ఏది పెట్టినా పోదు.