తిరుమలకు 12 సీట్ల బండి: విదేశీ లైసెన్సుతో మనమే నడపడం మేలా, డ్రైవరును పెట్టుకోవడం మేలా?

లండన్ నుంచి మామయ్య కుటుంబం, డల్లాస్ నుంచి చిన్నాన్న పిల్లలు, ఇక్కడివాళ్లు నలుగురు. అందరూ కలిస్తే 12 మంది. తిరుమల, తిరుచానూరు, శ్రీకాళహస్తి, కాణిపాకం అన్నీ చూడాలి. "ఒక టెంపో ట్రావెలర్ మాట్లాడండి, డ్రైవరు ఎందుకు, నేనే నడుపుతా. నా లైసెన్సులో మినీబస్సు కూడా ఉంది" అంటారు మామయ్య. తిరుపతిలో చుట్టాలు దిగే ఇళ్లన్నిటిలో ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వినిపిస్తుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. విదేశీ కార్డు మీద ఉన్న మినీబస్సు హక్కును నమ్ముకుని 12 మందిని ఎక్కించుకోవద్దు. నడపాలన్న సరదా ఉంటే చిన్న కారు తీసుకోండి.

మామయ్య చెప్పేది అబద్ధమేమీ కాదు. బ్రిటన్‌లో 1997 జనవరి 1కి ముందు కారు టెస్టు పాసైనవాళ్లకు 16 మంది ప్రయాణికుల దాకా పట్టే మినీబస్సు నడిపే హక్కు, అంటే డి1, దానంతటదే వచ్చింది. కానీ ఆ కార్డు తిప్పి చూడండి. వెనక చిన్న పట్టికలో డి1 వరుసకు ఎదురుగా, 12వ గడిలో 101 అనే అంకె ఉంటుంది. కిరాయికి, ప్రతిఫలానికి నడపకూడదని దానర్థం. పైగా 70 ఏళ్లు నిండాక మెడికల్ పరీక్ష నెగ్గి రెన్యువల్ చేయించుకుంటేనే డి1 నిలుస్తుంది, లేదంటే పోతుంది. 80లలో వెళ్లిన మన డాక్టరు మామయ్యల్లో చాలామంది ఇప్పుడు ఆ వయసులోనే ఉన్నారు.

ఆ మామయ్యల పిల్లలు టెస్టు పాసైంది 1997 తర్వాత అయితే, వాళ్లకు ఉండేది కారు నడిపే బి కేటగిరీ ఒక్కటే. డ్రైవరు కాక 8 సీట్లు, అంతే. అక్కడ స్వచ్ఛంద సంస్థల కోసం, జీతం తీసుకోకుండా, కొన్ని షరతుల మీద మినీబస్సు నడపనిచ్చే మినహాయింపు ఒకటుంది. గుడి సంఘం బండి నడిపిన అనుభవంతో "నేను నడిపానుగా" అంటారు కొందరు. ఆ మినహాయింపు బ్రిటన్ దాటితే చెల్లదు.

అమెరికావాళ్ల లెక్క వేరు. అక్కడ ఫెడరల్ నిబంధన ప్రకారం డ్రైవరుతో కలిపి 16 మంది, అంతకు మించి పట్టే బండికే కమర్షియల్ లైసెన్సు కావాలి. అందుకే 15 సీట్ల వ్యాన్‌ను చాలా రాష్ట్రాల్లో మామూలు కారు లైసెన్సుతోనే నడిపేస్తారు. కాలిఫోర్నియాలో మాత్రం డ్రైవరుతో కలిపి 10 మంది దాటితే అది చాలదు. ఒకే దేశంలోనే ఇంత తేడా ఉంటే, ఆ కార్డు మీద మినీబస్సు మాటే లేనప్పుడు అలిపిరి దగ్గర పోలీసుకు ఏం చూపిస్తారు?

"అయితే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకుంటాం" అంటారు. తెచ్చుకోవాల్సిందే, బయల్దేరకముందే తీసుకోవాలి కూడా. మన దేశంలో నడిచేది 1949 జెనీవా ఒప్పందం నమూనా పర్మిట్, ఏడాది పనికొస్తుంది. అసలు లైసెన్సు పక్కన లేకపోతే దానికి విలువ లేదు. అది కొత్త హక్కులేవీ ఇవ్వదు, ఉన్న హక్కునే పలు భాషల్లో చెబుతుంది. ఆ బుక్‌లెట్‌లో ఎ నుంచి ఇ వరకు 5 తరగతులే ఉంటాయి. బి అంటే డ్రైవరు కాక 8 సీట్ల వరకు, ఆ పైన డి. మధ్యలో డి1 అనే గడే లేదు. బి ముద్రతో 12 సీట్ల బండి ఎక్కితే లైసెన్సు లేనట్టే.

ఇక మన చట్టం. పసుపు ప్లేటు ట్రావెలర్ మన దగ్గర మ్యాక్సీ క్యాబ్, అంటే డ్రైవరు కాక 6 మందికి మించి 12 మంది దాకా పట్టే కిరాయి బండి. 6 మంది వరకైతే మోటార్ క్యాబ్. 1988 మోటారు వాహనాల చట్టం సొంత వాడకానికి అద్దెకు తీసుకున్న మోటార్ క్యాబ్‌ను మామూలు లైసెన్సుతో నడపనిస్తుంది, మ్యాక్సీ క్యాబ్‌కు అందులో ఆ సడలింపు లేదు (ఇండియా లైసెన్సు సంగతి కింద చెబుతాను). సెల్ఫ్ డ్రైవ్ కంపెనీలకు లైసెన్సులిచ్చే 1989 నాటి పథకం కూడా మోటార్ క్యాబ్‌లకే. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలతో సెల్ఫ్ డ్రైవ్ బండ్లన్నీ చిన్న కార్లుగానే కనిపించేది ఇందుకే. ఎవరైనా ట్రావెలర్ తాళాలు మీ చేతిలో పెడుతున్నారంటే అనుమానించండి.

పట్టుబడితే నడిపినవాళ్లకు 5,000 రూపాయలు, బండి ఇచ్చిన యజమానికి 5,000 జరిమానా. అది చిన్న విషయం. అసలు టెన్షన్ ఇన్సూరెన్సుతో. సరైన లైసెన్సు లేని మనిషి నడిపితే బాధితులకు కంపెనీ చెల్లించినా, ఆ సొమ్ము యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పిన కేసులు ఎన్నో ఉన్నాయి. సాయం చేద్దామని తన బండి ఇచ్చిన బావమరిది ఇల్లు అమ్ముకునే పరిస్థితి రావచ్చు.

వీటన్నిటికంటే గట్టిది గడువు తీరని మన ఇండియా లైసెన్సు. అక్కడ సీట్ల లెక్క, ఇక్కడ బరువు లెక్క. ఎల్‌ఎంవీ (లైట్ మోటార్ వెహికల్, అంటే తేలికపాటి వాహనం) లైసెన్సు ఉంటే 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని కూడా, వేరే ఎండార్స్‌మెంట్ లేకుండానే నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. 12 సీట్ల ట్రావెలర్ ఆ బరువులోపే ఉంటుంది. అంటే లండన్‌లో బి మాత్రమే ఉన్న కుర్రాడికి ఇక్కడి ఎల్‌ఎంవీ కార్డు బతికి ఉంటే, చుట్టాల సొంత ట్రావెలర్‌ను చట్టప్రకారం నడపగలడు. కాగితం వరకు ఓకే.

ఘాట్ రోడ్డు మాత్రం కాగితం చూడదు. ఎక్కడానికి 1974లో వేసిన రెండో ఘాట్, దిగడానికి 1944 నాటి మొదటి ఘాట్. ఎక్కేటప్పుడు ఎవరైనా ఎక్కించేస్తారు, దిగేటప్పుడే మనిషి తెలుస్తాడు. నిండు బండితో మలుపు మీద మలుపు వస్తూనే ఉంటుంది. మా వీధిలో ట్రావెలర్ నడిపే అన్న మాట ఇది: "బ్రేకు మీద కాలుపెట్టి దిగితే సగం దారిలోనే వాసనొస్తుంది సార్. సెకండ్ గేర్‌లో వదిలేసి, మలుపు ముందు ఒకసారి తొక్కి వదలాలి." మలుపు దగ్గర ఆయన ఎడమ చెయ్యి గేరు రాడ్డు మీదే ఉంటుంది, చూపు మాత్రం ఎదురుగా కాదు, రాబోయే మలుపు దగ్గరి అద్దంలో. ఆటోమేటిక్‌కు, కుడివైపు రోడ్డుకు అలవాటైన అమెరికా చిన్నాన్న కొడుకును అక్కడ కూర్చోబెట్టి వెనక అమ్మమ్మను ఎక్కించడం నాకు మనసొప్పదు. లండన్ మామయ్యకు కనీసం ఎడమవైపు రోడ్డు, మాన్యువల్ గేరు తెలుసు, అయినా నేను వద్దనే అంటాను. పైగా ఆ దారిలో నిర్ణీత సమయం కన్నా ముందే చేరినా జరిమానా పడుతుంది.

కాబట్టి 12 మందికి డ్రైవరుతో ట్రావెలరే మేలు. బుక్ చేసేటప్పుడు పసుపు ప్లేటు, పర్మిట్‌లో ఎన్ని సీట్లు, రాత్రి బస చేస్తే డ్రైవరు బేటా (రోజు ఖర్చుల భత్యం) ఎంత, ఇవి అడగండి. చెన్నై ఎయిర్‌పోర్టు నుంచే ఎక్కితే తమిళనాడు పర్మిట్ కూడా ఉందో లేదో చూడండి. నడపాలనే కోరిక తీరాలంటే, రెండు కార్లు తీసుకుని ఒకటి డ్రైవరుతో, ఇంకొకటి 6+1 (డ్రైవరు కాక 6 సీట్లు) సెల్ఫ్ డ్రైవ్‌గా పెట్టుకోండి. 7+1 సీట్ల ఇన్నోవా అయితే మోటార్ క్యాబ్ గీత దాటిపోతుంది, జాగ్రత్త. ఆ సెల్ఫ్ డ్రైవ్ కారును కాణిపాకం, శ్రీకాళహస్తి రోడ్ల మీద హాయిగా నడపండి. కొండకు మాత్రం ఆర్టీసీ బస్సు ఉంది, వాళ్ల డ్రైవర్లు ఆ మలుపుల మీదే బతుకుతారు.

ఇటు నుంచి అటు వెళ్లేవాళ్లకూ ఇదే లెక్క. చదువుకోవడానికి బ్రిటన్ వెళ్లే మన పిల్లలు ఇండియా లైసెన్సుతో 12 నెలలు కారు నడపవచ్చు, అక్కడి మినీబస్సు మాత్రం ముట్టుకోకూడదు. ఇక్కడ ట్రావెలర్ నడిపిన అనుభవం ఎంతున్నా అంతే. పీలేరు, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు డ్రైవర్లుగా వెళ్లినవాళ్లు అక్కడి లైసెన్సు చూసుకుంటూ ఇక్కడిది మర్చిపోతారు. గడువు తీరి ఏడాది దాటితే మళ్లీ టెస్టుకు నిలబడాలి, అందుకే సెలవుకు వచ్చిన మొదటి వారంలోనే రెన్యువల్‌కు పెట్టేయండి.