చివితవెక్కియా నుంచి రోమ్‌కి: రైలా, షిప్ వాళ్ళ టూరా?

మెడిటరేనియన్ క్రూజ్ బుక్ చేసుకున్నవాళ్ళు ఎక్కువగా అడుగుతున్నది ఇదే. కాగితం మీద 'రోమ్' అని వేసినా షిప్ ఆగేది చివితవెక్కియా అనే రేవు ఊళ్ళో, అక్కడి నుంచి రోమ్ ఇంకా 70 కిలోమీటర్ల పైనే అన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది.

షిప్ వాళ్ళ టూర్‌కి ఉన్న అసలు బలం ఒక్కటే. వాళ్ళ బస్సు ఆలస్యమైతే షిప్ ఆగుతుంది, మనంతట మనం వెళ్ళి లేటైతే ఆగదు. ఆ ధీమాకి గట్టిగానే వసూలు చేస్తారు, పైగా రోజంతా గైడ్ జెండా వెనకాలే నడవాలి.

రైలుకైతే ఒకవైపు టికెట్ ఐదు యూరోలు అటూ ఇటూ, గంటా పావు ప్రయాణం. పోర్టులో ఫ్రీ షటిల్ లార్గో డెల్లా పాచే దగ్గర దింపుతుంది, అక్కడి నుంచి స్టేషన్‌కి బస్సు ఉంది, నడిచినా ఇరవై నిమిషాలే. 'బిర్గ్' అనే రోజు టికెట్ అడిగి తీసుకుంటే రానూపోనూ రైలు, రోమ్‌లో మెట్రో, బస్సులు అన్నీ అందులోనే. పేపర్ టికెట్‌ని ఎక్కేముందు స్టేషన్‌లోని మెషీన్‌లో పెట్టి ముద్ర వేయించుకోకపోతే జరిమానా ఖాయం.

అందరూ ఖర్చు దగ్గరే ఆగిపోతారు గానీ, నా లెక్కలో తేల్చేది తిరుగు ప్రయాణం. చాలామంది రోమ్ మెయిన్ స్టేషన్ టెర్మినీకే వెళ్ళి అక్కడే మళ్ళీ ఎక్కుతారు. అంత పెద్ద స్టేషన్‌లో చివితవెక్కియా రైళ్ళు తరచూ ఎక్కడో చివరి ప్లాట్‌ఫామ్‌ల నుంచి కదులుతాయి, టైమ్ దగ్గరపడ్డాక ఆ నడకే పెద్ద టెన్షన్. అందుకే పొద్దున టెర్మినీకి ముందే వచ్చే ఒస్తియెన్సే స్టేషన్‌లో దిగి, పక్కనే పిరమిడె స్టేషన్‌లో మెట్రో ఎక్కండి, రెండో స్టాపే కొలోసియం. అటు నుంచి ఊరు చూసుకుంటూ చివరికి వాటికన్ చేరితే, సెయింట్ పీటర్స్ చర్చి నుంచి పావుగంట నడకలో సాన్ పియెత్రో స్టేషన్. చిన్నది, ప్లాట్‌ఫామ్ వెతుక్కునే బాధ ఉండదు. చిన్న స్టేషన్లలోనూ ఆగే రీజనల్ రైలే ఎక్కాలి సుమా, దూరం వెళ్ళే ఇంటర్‌సిటీ రైళ్ళు అక్కడ ఆగవు. షిప్ ఏడింటికి కదిలేట్టయితే నేను మూడింటి ప్రాంతంలో ఎక్కేస్తాను, అది తప్పినా వెనక ఇంకోటి ఉంటుంది.

ఇటలీలో రైల్వే సమ్మెలు మామూలే, ముందురోజే చూసుకోండి. సమ్మె ఉంటే మాత్రం మారుమాట లేకుండా షిప్ టూరే.

ఎక్కువ నడవలేని అమ్మానాన్నలతో నలుగురైదుగురు వెళ్తుంటే కారు మాట్లాడుకోండి, తలా పంచుకుంటే మరీ భారం కాదు. రోమ్ ఇదివరకే చూసేసినవాళ్ళు రైల్లో ఇటు ఉత్తరానికి తర్క్వీనియా వెళ్ళొచ్చు, రోమన్లకు ముందు అక్కడ బతికిన ఎట్రుస్కన్ల సమాధులు, లోపల గోడల మీద బొమ్మలు వేసినవి ఉన్నాయి, స్టేషన్ నుంచి ఊళ్ళోకి బస్సు ఎక్కాలి, సోమవారం మూసేస్తారు.