హద్దుగీత నేల మీద కనిపించిన రోజు: గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్ గురించి

నా ఉద్యోగమంతా భూముల సర్వేలో గడిచింది. గొలుసు పట్టి కొలవడం, హద్దురాళ్లు పాతించడం, కొలిచినదాన్ని పటం మీదికి ఎక్కించడం. పటం మీది గీత ఆ తరువాత నేలను ఏం చేసిందో చూసే వీలు మాకు ఉండేది కాదు. గూగుల్ ఎర్త్‌లోని టైమ్‌లాప్స్ చూపించేది సరిగ్గా అదే. మూడు నెలలుగా రాత్రిళ్లు దీని ముందే కూర్చుంటున్నాను.

1984 నుంచి ఏడాదికొక చిత్రం చొప్పున నేల మారిన తీరును ఇది కదిలే బొమ్మగా చూపిస్తుంది. పాత చిత్రాలన్నీ ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు తీసినవి. ఆ నిధిని అమెరికా 2008లో అందరికీ ఉచితంగా తెరిచింది. చోటు పేరు రాసి, సంవత్సరాల పట్టీని జరిపితే చాలు. రుసుమేమీ లేదు.

మొదట అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ పార్కుకు వెళ్లాను. 1872 నాటి చట్టం ఆ పార్కు పడమటి హద్దును ఒక సరస్సు పడమటి కొసకు 15 మైళ్ల అవతల, ఉత్తర దక్షిణాలుగా సాగే గీతగా నిర్ణయించింది. కొండనూ వాగునూ లెక్కచేయని గీత. 1980ల చిత్రాల్లో అది కంటికి కనిపిస్తుంది! తూర్పున ముదురు ఆకుపచ్చ, పడమట పాలిపోయిన గళ్లు. పడమటి వైపు టార్గీ జాతీయ అటవీ ప్రాంతంలో, బెరడు తొలిచే పురుగు పట్టిన పైన్ అడవిని కలప కోసం గళ్లు గళ్లుగా నరికారు. గీతకు రెండు వైపులా ఉన్నది ప్రభుత్వ భూమే. ఎవరూ ఆక్రమించలేదు, ఎవరికీ అమ్మలేదు. ఇటు చట్టం చెట్టు ముట్టవద్దన్నది, అటు చట్టం కలప తీయవచ్చన్నది. ప్రభుత్వ భూమి అయితే చాలు, భద్రమే అని ఇన్నేళ్లూ నమ్మినవాణ్ణి. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

పట్టీని 1989కి జరిపితే పార్కు లోపలే పెద్ద పెద్ద మచ్చలు. గుండె ఝల్లుమంది. అవి 1988 వేసవి మంటలు, పార్కులో మూడోవంతుకు పైగా వాటి బారిన పడింది. దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. కాలిన చోట అంచులు చిరిగిన గుడ్డలా ఉంటాయి, నడుమ పచ్చని తునకలు మిగిలి ఉంటాయి. నరికిన చోట అంచు రూళ్లకర్ర పెట్టి గీసినట్టు ఉంటుంది, గడికీ గడికీ మధ్య లారీల బాట. అక్కడి లాడ్జ్‌పోల్ అనే రకం పైన్ కాయల్లో కొన్ని జిగురుతో మూసుకుని ఉండి, మంట వేడికే విచ్చుకుని విత్తనాలు రాలుస్తాయి. మచ్చ లోపల పచ్చదనం ఏడాదికేడాది ఎలా తిరిగి వస్తుందో ఓపికగా చూడండి.

లోపాలూ చెప్పాలి. పాత చిత్రాల్లో ఒక్క చుక్క అంటే నేల మీద 30 మీటర్లు. పశువులు తొక్కిన నేల, కాలిబాట, చెట్ల నీడలో సాగే దొంగనరుకుడు ఇందులో కనిపించవు. సహజమైన అడవి, ఒకే జాతి చెట్లు నాటిన తోట ఒకే రంగులో ఉంటాయి, పచ్చదనం చూసి మోసపోవద్దు. రక్షిత ప్రాంతాల హద్దుల కోసం ‘ప్రొటెక్టెడ్ ప్లానెట్’ పటాన్ని పక్కన తెరిచి పోల్చుకోవడం నాకు అలవాటైంది.

ఒక్క చోటు చూసే తీరికే ఉంటే న్యూజీలాండ్‌లోని టరనాకి పర్వతానికి వెళ్లండి. 1881లో శిఖరం నుంచి 6 మైళ్ల వ్యాసార్థంతో వృత్తం గీసి, లోపలి భాగాన్ని రక్షిత అడవిగా కేటాయించారు. వాయవ్యాన తరువాత చేరిన కొండల తోక తప్పిస్తే ఇప్పటికీ అది వృత్తమే. లోపల చిక్కటి అడవి, గీత దాటగానే పాడిపశువుల పచ్చిక. పట్టీని 1984 నుంచి చివరిదాకా మెల్లగా జరిపాను. ఆ అంచు ఎక్కడా కదలలేదు.